గొర్రె జబ్బ ఓవెన్‌లో ఎందుకు గట్టిపడింది, ఆప్రికాట్లు ఎందుకు మాడాయి?

మీరు రాసింది చదివితే నవ్వొచ్చింది, ఏమనుకోకండి. మిమ్మల్ని చూసి కాదు, పదహారేళ్ల క్రితం నేను చేసిన పనే మీరూ అచ్చంగా చేశారని. కిలోన్నర గొర్రె జబ్బ ఎముకతో సహా తెచ్చారు, మొరాకో వాళ్ల పద్ధతిలో దాల్చినచెక్క, జీలకర్ర, శొంఠి పట్టించారు, చుట్టూ క్యారెట్, ఉల్లిపాయ, ఎండు ఆప్రికాట్లు (మన ఖుబానీ పండ్లే) పేర్చారు, ఓటీజీలో, అదే చిన్న కరెంటు ఓవెన్‌లో, 200 డిగ్రీల మీద గంటన్నర ఉంచారు. పైన నల్లగా అయింది, లోపల రబ్బరులా సాగింది, ఆప్రికాట్లు బొగ్గయ్యాయి, క్యారెట్ మాత్రం ఇంకా కరకరలాడుతోంది, రసమంతా చేదు. పైగా అత్తగారు "మాంసంలో తీపి ఏమిటి, ఇన్ని మసాలాలు వేస్తే వేడి చెయ్యదా" అన్నారు. ఇదీ సంగతి.

నేను దుబాయ్‌లో ఒక హోటల్ వంటింట్లో తొమ్మిదేళ్లు చేశాను. మాది రాజోలు వైపు. వెళ్లింది గిన్నెలు తోమడానికి, తర్వాత ఉల్లిపాయలు కోయడం, తర్వాత పొయ్యి దగ్గరికి. మా పెద్ద చెఫ్ మొరాకోలో ఫెజ్ ఊరి మనిషి, మాటలు తక్కువ, తిట్లు ఎక్కువ. ఇప్పుడు రాజమండ్రిలో చిన్న కేటరింగ్ చేసుకుంటున్నాను. ఈ వంట కొన్ని వందలసార్లు చేసి ఉంటాను, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఓపిక చేసుకుని చదవండి.

ముందు అసలు విషయం. మీ మాంసం ఎక్కువ ఉడికి గట్టిపడలేదు. సగంలో ఆపేశారు కాబట్టి గట్టిగా ఉంది. ఇది చాలామందికి వింతగా అనిపిస్తుంది. ముట్టుకుంటే గట్టిగా ఉంది, ఎండినట్టుంది, "అయ్యో ఎక్కువైపోయింది" అని తీసేస్తారు. ఇంకో రెండున్నర గంటలు తక్కువ వేడి మీద, మూత పెట్టి ఉంచి ఉంటే అదే ముక్క వేలితో విరిగేది.

కారణం ఏమిటంటే, జబ్బ అంటే జంతువు రోజంతా నడవడానికి వాడే భాగం. దాని కండ మధ్యలో తెల్లటి పొరలు, నరాల్లాంటివి చాలా ఉంటాయి, కొల్లాజెన్ అంటారు. మాంసం లోపలి వేడి 60, 70 డిగ్రీలకి వచ్చేసరికి కండ పోగులు బిగుసుకుని నీళ్లు బయటికి పిండేస్తాయి. అప్పుడు ముక్క అతి గట్టిగా ఉంటుంది. అక్కడి నుంచి పైకి పోతున్నకొద్దీ ఆ తెల్ల పొరలు మెల్లమెల్లగా కరిగి జిగురులా మారతాయి, ఆ జిగురే పోగుల మధ్య చేరి ముక్కని మెత్తగా, జారుడుగా చేస్తుంది. మీరు పాయా చేసే ఉంటారు కదా, మర్నాడు ఫ్రిజ్‌లోంచి తీస్తే జెల్లీలా గడ్డకట్టి ఉంటుంది, అదే ఇది. పాయాని గంటలో దించేస్తామా? దించం. జబ్బకి కూడా అంతే, ఓవెన్ వేడి పెంచినంత మాత్రాన లోపల ఈ పని తొందరగా కాదు, దానికి కావాల్సింది టైం. 200 మీద పెడితే పైభాగం మాడిపోతుంది, లోపల మాత్రం దాని గడియారం దానిదే.

అందుకని వేడి 150. జబ్బ కిలోన్నర అయితే నాలుగు గంటలు, రెండు కిలోల పైన ఉంటే ఐదు అనుకోండి. లోపలికి గుచ్చే థర్మామీటర్ ఉంటే 90 దాటి 95 దగ్గరికి రావాలి. లేకపోతే ఏం కంగారు లేదు, ఎముక కొస పట్టుకుని కొంచెం తిప్పండి, సంపంగి కాడలా తేలిగ్గా కదిలిందంటే అయిపోయినట్టే. కదలకపోతే మళ్లీ మూసి ఇంకో అరగంట. టైం చూసి దించకండి, ఎముకని చూసి దించండి. మేకల వయసు, గొర్రెల వయసు ఎవరూ సర్టిఫికెట్ రాసివ్వరు కదా.

ఇక్కడ మన మాంసం గురించి ఒక మాట. మొరాకోలో, గల్ఫ్‌లో వాడేది గొర్రె, ఒంటి నిండా కొవ్వు. ఆస్ట్రేలియా నుంచి, న్యూజిలాండ్ నుంచి వచ్చే జబ్బ చూస్తే వేలు మందాన తెల్లగా కొవ్వు ఉంటుంది, దాన్నేం చేసినా ఎండదు. మన దగ్గర కోస్తాలో మటన్ అంటే ఎక్కువగా మేక, తెలంగాణలో పొట్టేలు బాగానే దొరుకుతుంది గానీ ఆ రెండూ వాటికంటే బక్కవే. అంటే మూత లేకుండా ఓవెన్‌లో పెడితే కాపాడే కొవ్వు లేదు. అందుకే మూత తప్పనిసరి. కొట్టువాడిని అడిగేటప్పుడు పొట్టేలు ముందు జబ్బ ఒక్క ముక్కగా కావాలని చెప్పండి, హైదరాబాద్‌లో అయితే దస్త్ అంటే వెంటనే అర్థమవుతుంది. కత్తి ఎత్తేలోపే చెప్పాలి, మన వాళ్ల చెయ్యి ఊరుకోదు, అలవాటులో ముక్కలు కొట్టేస్తారు. పైనున్న కొవ్వు తీయొద్దనండి. కావాలంటే ఇంకో గుప్పెడు కొవ్వు అడిగి తెచ్చుకుని ముక్క మీద పరవండి.

ఉప్పు ముందు రోజు రాత్రే పట్టించాలి. కిలోన్నరకి సుమారు 18 నుంచి 20 గ్రాములు, అంటే చిన్న చెంచాతో మూడు, తలకొట్టి. ఉప్పు రాసి ఫ్రిజ్‌లో మూత లేకుండా పెట్టేస్తే పొద్దున్నకి పైన పొడిగా అవుతుంది, లోపలికి ఉప్పు దిగుతుంది. పెరుగు, నిమ్మరసం, పచ్చి బొప్పాయి ఏమీ వద్దు. బొప్పాయి గురించి గట్టిగా చెబుతున్నా, ఎందుకంటే మీరు ఈసారి అది పట్టించి చూస్తానన్నారు. బొప్పాయిలో ఉన్నది మాంసాన్ని తినేసే పదార్థం, వేడెక్కేకొద్దీ దాని పని ఇంకా జోరందుకుంటుంది, 60, 70 డిగ్రీల దగ్గర మరీను. నాలుగు గంటల వంటలో ముక్క నెమ్మదిగా ఆ వేడికి వస్తుంది కాబట్టి పైపైన అంతా పేస్టులా అయిపోతుంది, లోపల మాత్రం అలాగే ఉంటుంది. కబాబుల్లాంటి తొందర వంటకి అది. మనకి కావాల్సిన మెత్తదనం టైమే ఇస్తుంది.

మసాలా. మీరు దాల్చినచెక్క పొడి రెండు పెద్ద చెంచాలు వేశారు. చేదు అక్కడి నుంచే వచ్చింది. మన కొట్లలో దాల్చినచెక్క అని ఇచ్చేది చాలావరకు కాసియా, మందంగా, ఘాటుగా ఉండే బెరడు. శ్రీలంక నుంచి వచ్చేది పల్చగా, చుట్ట చుట్టిన కాగితంలా ఉంటుంది, మెత్తటి వాసన, ధర కూడా దానికి తగ్గట్టే. కాసియా పొడి పొడిగా ముక్క మీద పడి 200 వేడికి మాడితే చేదు రాక ఏమవుతుంది? పైగా అది రసంలో ఎక్కువైతే జిగటగా కూడా చేస్తుంది. కాసియాతోనే చేయండి, తప్పులేదు, కానీ రెండంగుళాల చెక్క ఒకటి రసంలో వేయండి, పొడి అర చెంచా మించొద్దు.

నేను ఇంట్లో చేసేటప్పుడు కిలోన్నరకి వేసేది ఇది: జీలకర్ర రెండు చిన్న చెంచాలు, ధనియాలు రెండు, మిరియాలు ఒకటి, ఈ మూడూ సన్నసెగ మీద వాసన వచ్చేదాకా వేయించి దంచుతాను. దానికి శొంఠి పొడి ఒకటిన్నర చెంచా, పసుపు అర చెంచా, దాల్చిన పొడి అర చెంచా, యాలకులు నాలుగు, లవంగాలు మూడంటే మూడే. లవంగం నాలుగోది వేస్తే నాలిక మొద్దుబారుతుంది, పంటి నొప్పికి పెట్టుకున్నట్టు ఉంటుంది. జాజికాయ ఇప్పుడు వద్దు, చివర్లో రసంలో నాలుగుసార్లు గీకితే చాలు. కుంకుమపువ్వు ఉంటే చిటికెడు గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి పోయండి, లేకపోతే దాని కోసం డబ్బు తగలేయకండి. ఈ పొడంతా రెండు మూడు చెంచాల నూనెలో, నాలుగు వెల్లుల్లి రెబ్బల ముద్దతో కలిపి పేస్టులా పట్టించాలి, పొడిగా చల్లకూడదు. నూనెలో ఉన్న మసాలా అంత తొందరగా మాడదు.

మొరాకో వాళ్లు రస్ ఎల్ హనూత్ అంటారే, దాని అర్థం "కొట్టుకి తలకాయ" లాంటిది, అంటే కొట్టువాడి దగ్గర ఉన్నవాటిలో మేలైనవన్నీ కలిపిన పొడి. ఒక్కో కొట్టుది ఒక్కో లెక్క, ఇరవై పైగా వస్తువులు ఉండేవీ ఉన్నాయి, ఎండు గులాబీ మొగ్గలు కూడా వేస్తారు. ఆన్‌లైన్‌లో ఆ డబ్బా కొనాలా అని అడిగారు. అక్కర్లేదు. మన పోపుల పెట్టె, బిర్యానీ సామాను కలిపితే మూడొంతులు అదే. ఆ పొడిలో వేసే ఆల్‌స్పైస్ అనే గింజ ఒక్కదాని విషయంలో జాగ్రత్త. కొట్లో కబాబ్‌చినీ అని అడిగితే రెండు రకాలు ఇస్తారు, చిన్న తోక ఉంటే అది చలవమిరియం, తోక లేకుండా మిరియం కన్నా కాస్త పెద్దగా గుండ్రంగా ఉండి, నలిపితే లవంగం, జాజికాయ కలిసినట్టు వాసన వస్తే అది ఆల్‌స్పైస్. మీకు కావాల్సింది రెండోది. నాలుగైదు గింజలు వేస్తే బావుంటుంది, లేకపోయినా వంట ఆగదు. అనాసపువ్వు, మరాఠీ మొగ్గ మాత్రం వేయకండి, వేస్తే బిర్యానీ వాసన వస్తుంది, ఇది బిర్యానీ కాదు. కారం మొరాకో వాళ్లు దీనిలో వేయరు. మన ఇళ్లలో కారం లేకుండా మటన్ పెడితే పెద్ద గొడవలే అవుతాయి కాబట్టి నేను రెండు ఎండుమిరపకాయలు గింజలు దులిపి రసంలో వేస్తాను, మా చెఫ్‌కి తెలిస్తే ఏమంటాడో గానీ.

మీ అత్తగారి మాట. వేడి చేస్తుందా అంటే, కిలోన్నర మాంసానికి అన్ని మసాలాలూ కలిపి పిడికెడు కూడా లేవు, మన మటన్ కూరలో పడే గరంమసాలా కంటే ఎక్కువేం కాదు. తీపి సంగతంటారా, ఇది నిన్నటి ఫ్యాషన్ కాదండీ. బాగ్దాద్‌లో 1226లో రాసిన వంటల పుస్తకంలోనే మిష్మిషియా అని గొర్రె మాంసం, ఆప్రికాట్ల కూర ఉంది, మిష్మిష్ అంటే అరబ్బీలో ఆప్రికాట్. మొరాకోలో బక్రీద్ తర్వాత మ్రూజియా చేస్తారు, మాంసం, ఎండు ద్రాక్ష, బాదం, తేనె, మసాలా. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో పండగ మాంసం నిలవ ఉండటానికి ఆ తేనె, ఆ కొవ్వు, ఆ మసాలా పనికొచ్చేవి. అయినా మనం మాత్రం పండు వేయమా? మామిడికాయ మాంసం ఎక్కడిది? చింతచిగురు, గోంగూర సరే అవి ఆకులు, మామిడికాయ పండు జాతే కదా. మా గోదారి వైపు పులుసులో బెల్లం ముక్క వేసేవాళ్లు ఎంతమంది! మనం పులుపు ముందు పెట్టి తీపి వెనకాల పెడతాం, వాళ్లు తీపి ముందు పెడతారు. ఆ మాట అత్తగారితో చెప్పి చూడండి. ఒప్పుకోకపోతే ఆప్రికాట్లు సగానికి తగ్గించి, దించాక కాస్త నిమ్మరసం పిండండి, మా ఆవిడకి అలాగే ఇష్టం.

ఇప్పుడు మీ అసలు పొరపాటు, అన్నీ ఒకేసారి లోపల పెట్టడం. మాంసం నాలుగు గంటల మనిషి, క్యారెట్ గంటన్నర, నానిన ఆప్రికాట్ ముప్పావు గంట, బాదం ఐదు నిమిషాలు. వీళ్లందరినీ ఒకే బస్సు ఎక్కిస్తే ఎలా?

నేను దుబాయ్‌లో చేసిన ఘనకార్యం చెబుతాను. నలభై మంది విందు. చెఫ్ లేడు, నాకు అప్పగించి బయటికి వెళ్లాడు. నేను తెలివి ఉపయోగించి, మళ్లీ మళ్లీ తలుపు తెరవడం ఎందుకని ప్రూన్స్ (ఎండు ప్లమ్ పండ్లు), తేనె, ఉల్లిపాయ, మాంసం అన్నీ ట్రేల్లో సర్ది పొద్దున్నే ఓవెన్‌లో పెట్టేశాను. రెండు గంటలకి వంటిల్లంతా మాడిన బెల్లం వాసన. తేనె అడుక్కి దిగి, నీళ్లు ఇగిరిపోయి, నల్లటి తారు. పై మాంసం బాగానే ఉంది, కానీ ఆ తారు వాసన దానికి పట్టేసింది. చెఫ్ వచ్చి ట్రే చూసి ఏమీ అనలేదు, ఒక ఇనప పీచు నా చేతికిచ్చాడు. ఆరు ట్రేలు. ఆ తర్వాత ఈ రోజు వరకు తీపి ఉన్నది ఏదీ నేను మొదట పెట్టలేదు.

పండులో ఉన్న చక్కెర మాడటానికి పెద్ద వేడి అక్కర్లేదు, నీళ్లు ఇంకిపోతే చాలు. తడిలో ఉన్నంతసేపు వంద డిగ్రీలు దాటదు, ఏ భయం లేదు. మీ ఆప్రికాట్లు పైన ఎండలో ఉన్నట్టు ఉన్నాయి, వాటి నెత్తి మీద ఓటీజీ కాయిల్ ఎర్రగా కాలుతోంది. కాబట్టి పండు ఎప్పుడూ రసంలో మునగాలి, పైకి తేలకూడదు.

ఏ ఆప్రికాట్ వాడాలి? మీరు వాడింది నారింజ రంగులో, గింజ లేకుండా, మెత్తగా ఉండేది అయి ఉంటుంది. రంగు పోకుండా దానికి గంధకం పొగ పట్టిస్తారు, వేడినీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తే సరి. నేనైతే హైదరాబాద్ వెళ్లినప్పుడు బేగంబజార్ నుంచి ఖుబానీ తెచ్చుకుంటాను, మీఠా చేసుకునే ఆ గోధుమరంగు ఖుబానీయే. ముడతలు పడి చూడటానికి ఏమంత బాగోదు గానీ పులుపూ తీపీ రెండూ ఉంటాయి, గొర్రె మాంసానికి దాన్ని మించింది లేదని నా నమ్మకం. రాత్రి నానేసి, పొద్దున్న గింజ తీసి, ఆ గింజ పగలగొడితే లోపల బాదంపప్పు లాంటి పప్పు ఉంటుంది, దాన్నే చివర్లో వేయించి చల్లొచ్చు. ఒకటి కొరికి చూడండి, చేదుగా ఉంటే మాత్రం ఆ పప్పులు వాడొద్దు, చేదు పప్పు ఒంట్లోకి వెళ్లాక సైనైడ్ విడుదల చేస్తుంది. తియ్యగా ఉన్నవే వాడండి. నానిన నీళ్లు పారబోయకండి, రసంలోకి పనికొస్తాయి.

ఖుబానీ దొరక్కపోతే ప్రూన్స్, అదీ లేకపోతే ఖర్జూరం, కానీ ఖర్జూరం తీపి మొండితనం ఎక్కువ, నాలుగు చాలు. యాపిల్ కరిగిపోతుంది. మొరాకోలో క్విన్స్ అని గట్టి వగరు పండు వేస్తారు, ఇక్కడ దొరకదు. దోర జామకాయతో ఒకసారి ప్రయత్నించాను, వాసన అద్భుతం, గింజలు పంటికింద రాళ్లు. గింజల భాగం చెక్కేసి పైకండ మాత్రం వేస్తే తినొచ్చు, అంత ఓపిక ఉంటే.

కూరగాయలు. ఉల్లిపాయలు నాలుగు పెద్దవి, మందంగా చక్రాలు కోసి అడుగున పరవండి, మాంసం వాటి మీద కూర్చోవాలి. ఇవి మాత్రం మొదటి నుంచే ఉండొచ్చు, నాలుగు గంటల్లో కరిగి అదే గ్రేవీ అవుతుంది. ఒక వెల్లుల్లి గడ్డ అడ్డంగా రెండు ముక్కలు చేసి పొట్టుతోనే పడేయండి. క్యారెట్లు మందమైనవి తీసుకుని రెండు ముక్కలే చేయండి, రెండున్నర గంటలు అయ్యాక వేయండి. గంటన్నర పెట్టినా మీ క్యారెట్ ఎందుకు ఉడకలేదో తెలుసా, మీరు రెండు టమాటాలు, నిమ్మరసం వేశారు. పులుపులో కూరగాయ మెత్తబడదు. చింతపండు రసం ముందే పోస్తే సాంబారులో ముక్క ఉడకదని మన అమ్మలందరికీ తెలుసు, ఓవెన్‌లో పెట్టగానే మనం మర్చిపోతాం. పైగా మీ క్యారెట్లు రసం బయట, పొడి గాలిలో ఉన్నాయి. ఎర్ర గుమ్మడి, చిలగడదుంప చాలా బావుంటాయి కానీ చివరి నలభై నిమిషాలే, లేకపోతే హల్వా. శనగలు వేస్తే విడిగా ఉడికించినవే వేయాలి. బంగాళాదుంప నాకిష్టం లేదు, రసమంతా తాగేస్తుంది.

చేసే వరస చెబుతాను. ఫ్రిజ్‌లోంచి తీసిన జబ్బని ఒక గంట బయట ఉంచి, మసాలా ముద్ద పట్టించండి. ముందే పెనం మీద ఎర్రగా కాల్చాలా? హోటల్లో కాల్చేవాళ్లం కాదు, ఎరుపు చివర్లో తెచ్చుకుంటాం. లోతైన ట్రేలో గానీ మందపాటి గిన్నెలో గానీ ఉల్లిపాయలు, వాటి మీద జబ్బ, పక్క నుంచి ఒకటిన్నర కప్పు నీళ్లు, నీళ్లు మసాలా మీద పడకుండా. దాల్చినచెక్క, మిరపకాయలు నీళ్లలో. పైన బటర్ పేపర్ ఒకటి, దాని మీద ఫాయిల్ రెండు పొరలు, అంచులు బిగించి నొక్కండి. ఆవిరి బయటికి పోకూడదు. మూత ఉన్న గిన్నె అయితే బిర్యానీ దమ్ముకి పెట్టినట్టు గోధుమపిండి ముద్ద చుట్టూ అతికించండి, కానీ మధ్యలో రెండుసార్లు తెరవాలి కాబట్టి ఫాయిలే సుఖం.

ఓటీజీలో కింద ర్యాక్, కింద కాయిల్ ఒక్కటే, 150. పదిహేను నిమిషాలు ముందు వేడి చేసి పెట్టండి. చిన్న ఓటీజీల డయల్‌ని నమ్మకండి, 150 అని పెడితే 175 ఉండొచ్చు. మూడు నాలుగు వందలు పెడితే లోపల వేలాడదీసే థర్మామీటర్ వస్తుంది, అది కొనండి, మీ కేకులు కూడా బాగుపడతాయి. రెండున్నర గంటలకి తెరిచి క్యారెట్లు వేయండి, నీళ్లు అడుగంటుతున్నాయేమో చూసి అర కప్పు వేడినీళ్లు పోయండి. మూడుంపావు గంటలకి ఖుబానీ, గుమ్మడి రసంలో ముంచండి. నాలుగు గంటలకి ఎముక తిప్పి చూడండి. అయిందనుకుంటే ఫాయిల్ తీసేసి, ఉల్లి, పండు ఉన్న రసాన్ని వేరే గిన్నెలోకి వంచేసి, మాంసం ఒక్కటే 220లో పై కాయిల్ కూడా వేసి పది పన్నెండు నిమిషాలు. పక్కనే నిలబడండి, ఫోన్ చూస్తూ కూర్చోకండి. ఈ పది నిమిషాల్లోనే పైన ఎరుపు, కరకర, ఆ కాల్చిన వాసన వచ్చేస్తాయి, దాని కోసమే మీరు మొదటి నుంచీ 200 పెట్టారు. బయటికి తీసి ఇరవై నిమిషాలు ఫాయిల్ కప్పి వదిలేయండి. ఈలోగా రసం పైన తేలిన కొవ్వు గరిటెతో తీసి, పొయ్యి మీద కాస్త దగ్గరపడనిచ్చి, జాజికాయ గీకి, ఉప్పు చూసుకోండి. ఒక చెంచా తేనె ఇష్టమైతే ఇప్పుడు.

కరెంటు గురించి అడిగారు. మా ఇంట్లో మీటరు చూశాను, నాలుగు గంటలకి మూడు నాలుగు యూనిట్లు అయింది, కాయిల్ అంతసేపూ వెలగదు కదా. మధ్యలో కరెంటు పోతే తలుపు తెరవకండి, అరగంట వరకు ఏమీ కాదు. ఇంకా రాకపోతే గిన్నె పొయ్యి మీదికి మార్చి, కింద పాత ఇనప పెనం వేసి, సిమ్‌లో పెట్టేయండి. అసలు ఓవెన్ లేకుండా మొదటి నుంచీ అలా చేసినా తప్పేం లేదు. మరాకేష్‌లో తంజియా అని చేస్తారు, మట్టి కుండలో మాంసం, జీలకర్ర, వెల్లుల్లి, ఉప్పులో ఊరిన నిమ్మకాయ వేసి మూతి కట్టి, ఊరి స్నానశాలల నీళ్లు కాచే పొయ్యి దగ్గర ఇచ్చి వస్తారు, అక్కడివాడు దాన్ని బూడిదలో పాతిపెడతాడు, గంటల తరబడి అలాగే ఉంటుంది. పెళ్లికాని కూలీల వంట అని పేరు దానికి. మనవాళ్లు దాలిపొయ్యిలో పిడకల మీద పాలు కాచినట్టే అనుకోండి, అదే సెగ.

ప్రెషర్ కుక్కర్ మాటేమిటంటే, పనవుతుంది, అబద్ధం చెప్పను. లోపల 120 దాకా వేడి వెళ్తుంది కాబట్టి ఆ తెల్ల పొరలు నలభై నిమిషాల్లో కరిగిపోతాయి. కానీ కండ పోగులు కూడా గట్టిగా పిండుకుపోతాయి, ముక్క మెత్తగానే ఉంటుంది గానీ నమిలితే దూదిలా పొడిగా అనిపిస్తుంది. తప్పనిసరైతే సన్నసెగ మీద ఇరవై ఐదు నిమిషాలు కుక్కర్లో, ఆవిరి దానంతట అదే పోనిచ్చి, తర్వాత గంటన్నర ఓవెన్‌లో మూతతో. తొడ, అదే రాన్, దీనికి వాడొచ్చా అన్నారు. వాడొచ్చు, కానీ దానిలో కొవ్వు తక్కువ, మనకి రాన్ చేసే దారి వేరే ఉంది. నా ఓటు జబ్బకే.

అన్నంలోకి కంటే పుల్కాలోకి, లేకపోతే బగారా అన్నంలోకి బావుంటుంది. ముందు రోజు చేసి పెట్టుకోవచ్చా అన్నారు, పెట్టుకుంటేనే మేలు. దించాక రెండు గంటల లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లిపోవాలి, రాత్రంతా పొయ్యి మీద వదిలేయకూడదు. పొద్దున్నకి కొవ్వు పైన తెల్లగా గడ్డకడుతుంది, తేలిగ్గా ఎత్తేయొచ్చు. అర కప్పు నీళ్లు పోసి మూతపెట్టి 150లో నలభై నిమిషాలు, ఆ తర్వాత ఎర్రబరచడం. చుట్టాలొచ్చే రోజు నేనెప్పుడూ ఇలాగే చేస్తాను, ఆ రోజు టెన్షన్ ఉండదు.

ఇంకొకటి, ఆ గట్టిపడ్డ జబ్బ పారేశారా ఇంకా ఫ్రిజ్‌లో ఉందా? ఉంటే పైన నల్లగా అయింది చెక్కేసి, ఎముకతోనే ముక్కలు చేసి, కొత్త నీళ్లు పోసి సన్నసెగ మీద రెండు గంటలు ఉంచండి, మెత్తబడుతుంది. ఆ చేదు రసం మాత్రం వాడకండి. ఆ ఎముకలూ ముక్కలూ శనగపప్పుతో, సొరకాయతో దాల్చా పెట్టేసుకోండి, చింతపండు చివర్లో.